కొట్టేసిన మాట కింద చుక్కలు

గడియారం ఆపేశారు. శనివారం పొద్దున ఏడూ పదికి మా అన్నయ్య పోతే, ఆ నిమిషానికే వంటమనిషి టబితా స్టూలెక్కి లోలకం పట్టుకుని ఆపేసింది. ఇవాళ గురువారం, ఈ ఇంట్లో ఇంకా ఏడూ పదే. పోయినవాడికి టైముతో పని లేదు, ఒప్పుకుంటాను. బతికున్న నాకు నాలుగింటికి పోయే టపా ఉందే! చర్చి గడియారం మూడు కొట్టి ఎంతసేపయిందో నాకు తెలీదు. ఎవరినైనా అడుగుదామంటే, అన్నని పూడుస్తున్న గంటలో టైమడిగిన చెల్లెలని ఆల్డర్‌బీ ఊరంతా ఏడాదిపాటు చెప్పుకుంటారు. ముందు గదిలో మూడు కిటికీలకీ తెరలు దించేశారు. బయట ఫిబ్రవరి ఎండ కాస్తోందని తెరల అంచులు చూస్తే తెలుస్తోంది, లోపల మాత్రం మా మొహాలు మాకే సరిగ్గా కనపడవు. ఉన్నది ఒక్క కొవ్వొత్తి, అదీ పళ్ళెంలో పంది తొడ మాంసం పక్కన, కోసేవాళ్ళకి కనపడాలిగా. నాకు కనపడాల్సింది మాంసం కాదు. నాకు కావలసింది మా వదిన ఒళ్ళో ఉంది. పదహారు పేజీల అచ్చు కాయితం, నా నవల మూడో సంపుటంలో దిద్ది పంపాల్సిన ఆఖరి ప్రూఫు. దానికి నల్ల రిబ్బను కట్టి, పైన చేతిరుమాలు పరిచి, రుమాలు మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చుంది ఫీమీ వదిన.

మగవాళ్ళందరూ చర్చికి వెళ్ళారు. ఆడవాళ్ళం వెళ్ళకూడదు, సమాధి దగ్గర ఏడుస్తామట, ఏడిస్తే మర్యాద పోతుందట. ఇదే ఊళ్ళో ఉంటూ అన్నయ్యతో పన్నెండేళ్ళు మాట మాట్లాడని మేజర్ గారు ఇప్పుడు గోతి అంచున టోపీ తీసి నిలబడి ఉంటారు. అన్నయ్య శవపెట్టె ఎటువైపు దించుతున్నారో చూసే యోగ్యత ఆయనకుంది, నాకు లేదు. నాకున్నది ఈ కుర్చీ, ఈ మాంసం, మెడ గీరుకుపోయే ఈ చావు బట్ట, నల్ల క్రేపు గౌను. రంగు దిగి నా మణికట్లు రెండూ నల్లబడ్డాయి. ఏళ్ళ తరబడి సిరా మరకలు కడుక్కున్న చేతులివి, క్రేపు మరక మాత్రం సబ్బుకి లొంగడం లేదు. ఎదురుగా పెద్ద పాదిరిగారి చెల్లెలు మిస్ పాష్లీ, ఊళ్ళో ఎవరింట ఎవరు పోయినా తెరలు ఎంతవరకూ దించాలో, క్రేపు ఎన్ని అంగుళాలుండాలో తీర్పు చెప్పే మనిషి, కళ్ళద్దాలు ముక్కు కొసకి జార్చి, చర్చిలో చదువుతున్న కీర్తనే ఇక్కడా చదువుతోంది. ఆవిడకి వెలుతురు అక్కర్లేదు, అన్నీ కంఠతా వచ్చు. ఆవిడ పక్కన డాక్టరుగారి భార్య మిసెస్ ఓగల్, ప్రతి వాక్యానికీ ఒక నిట్టూర్పు, నిట్టూర్పుకీ నిట్టూర్పుకీ మధ్య ఒక బిస్కట్టు. మన దినములు నీడవలె గడచిపోవుచున్నవి అంటోంది మిస్ పాష్లీ. గడచిపోతున్నాయమ్మా తల్లీ, అదే కదా నా గోల!

రేపు శుక్రవారం పొద్దుటికల్లా ఆ ప్రూఫు లండన్‌లో అందకపోతే ముగింపు వాళ్ళే రాసేస్తారు. అక్షరాలా అదే రాశాడు పబ్లిషరు. మంచం పట్టకముందే అన్నయ్య ఆయనకి ఉత్తరం వేశాడు, ‘నా చెల్లెలి కథలో ఉర్సులా చివరికి చిన్న పాదిరి లింటాట్‌ని పెళ్ళాడుతుంది, పొరపాటున వేరే రకంగా అచ్చుకొచ్చింది, నేను సరిదిద్ది పంపుతాను’ అని. పొరపాటున! పద్నాలుగు నెలలు పట్టింది నాకా పొరపాటు చెయ్యడానికి. దానికి పబ్లిషరు పరమానందపడి జవాబిచ్చాడు, పుస్తకాలు కొని అద్దెకిచ్చే లైబ్రరీల వాళ్ళకి పెళ్ళి ఉంటేనే ఇష్టమనీ, శుక్రవారానికి దిద్దిన కాయితం రాకపోతే తన ఆఫీసులో ఒకాయన ఉన్నాడు, ఆ పెళ్ళేదో ఆయనే కానిచ్చేస్తాడనీ. ముక్కూ మొహం తెలియని మనిషి నా ఉర్సులాకి పెళ్ళి చేస్తాడు. నేను ఉత్తరం రాస్తే? రాశాను, ఇదివరకూ రాశాను. అన్నయ్య ఉత్తరం పక్కన నా ఉత్తరం పెడితే ఎవరిది చదువుతారో, ఎవరిది మడిచి పక్కన పడేస్తారో నాకు పదకొండేళ్ళుగా తెలుసు. అచ్చాఫీసులో అక్షరాలు పేర్చే కంపోజిటరొక్కడే వేరు. వాడికి ఎవరి అభిప్రాయాలతోనూ పని లేదు, కాయితం మీద సిరాతో ఏ గుర్తు ఉంటే దానికి లోబడతాడు. కాబట్టి నాకు కావలసింది ఆ కాయితం, ఒక పెన్ను, ఒక అరగంట, కాస్త వెలుతురు. దేవుణ్ణి ఎప్పుడైనా ఇంతకన్నా తక్కువ అడిగానా?

ఐదు రోజులుగా అడుగుతూనే ఉన్నాను. అన్నయ్య చివరిగా పడుకున్నది చదువుకునే గదిలోనే. పోయాక ఆయన్ని ముందు గదిలోకి మార్చగానే ఫీమీ వదిన ఆ గదికి తాళం వేసి, ఆ తాళంచెవి నడుముకి కట్టుకుంది. రోజూ భోజనాలయ్యాక లోపలికి వెళ్ళి గడియ పెట్టుకునేది. ఏడుస్తోంది పాపం, ఏడవనివ్వండి అన్నారంతా. నేను తలుపు బయట నిలబడి, వదినా, ఆ ప్రూఫు కాయితం మంచం మీదే ఉంటుంది, కాస్త అందిస్తావా అంటే తలుపు తియ్యదు. ఇంటి మనిషి పోయిన బాధలో మేముంటే ఈవిడగారికి ప్రూఫు కావాలట, అని అనుకుందేమో. అనుకోనీ. అన్నయ్య పోయినందుకు నాకూ బాధే, కానీ ఆ బాధ ఇంకా నా దగ్గరికి రాలేదు, మధ్యలో ఈ ఒళ్ళుమంట అడ్డంగా కూర్చుంది. ఇవాళ పొద్దున గది తలుపు తీసి వదిన బయటికొచ్చింది, చేతిలో కాయితం, దానికి నల్ల రిబ్బను. అందుకోబోయాను. అప్పటికే మిస్ పాష్లీ గుమ్మంలో ఉంది.

మా వదిన సంగతి చెప్పాలంటే, చెడ్డది కాదు, చెడ్డదైతే బాగుండేది, కోపం తెచ్చుకోవడానికి వీలుండేది. నాకు విడిగా గది లేదు. ఈ ఇంట్లో నా రాతంతా భోజనాల బల్ల చివర, పొద్దున టీ గిన్నెలు తీశాక, మధ్యాహ్నం పళ్ళేలు పెట్టేలోపు. పేదవాళ్ళకి పంచే ఉన్ని లంగాలు ఒక పక్క కుప్ప, ఇంకో పక్క నేను. ఉర్సులా తండ్రి ప్రాణం పోతూ ఉంటుంది, కలం కదులుతూ ఉంటుంది, ఇంతలో తలుపు తోసుకుని ఫీమీ వదిన, కెజియా, ఇవాళ మాంసం చల్లగానే పెట్టమంటావా, వేడిచెయ్యమంటావా? నాకెందుకు వదినా, నీ ఇష్టం. అలా అంటావు గానీ నిన్న వేడిచేస్తే ఎండిపోయిందన్నావుగా. ఎండిపోయిందనలేదు వదినా. అన్నావు. సరే, అన్నాను. అయితే చల్లగానే పెట్టమంటాను, ఏం రాస్తున్నావు? ఏం లేదు వదినా. ఏం లేదంటే ఇంకాసేపు కూర్చుంటుంది, ఏదో ఉందంటే అసలు లేవదు. అలా ఐదు నవలలు, ఒక్కోటి మూడేసి సంపుటాలు. లైబ్రరీల వాళ్ళకి మూడు ఉండాలి, రెండైతే తీసుకోరు, అందుకని రెండో సంపుటంలో అందరికీ జ్వరాలు తెప్పించి, ఉత్తరాలు పారేయించి, ఎక్కడో ఒక మేనమామని బతికించి పేజీలు నింపేదాన్ని. నా కథలో ఒక మనిషికి పూర్తిగా జ్వరం వచ్చి తగ్గేలోపు నేను ఎన్నిసార్లు మాంసం గురించి జవాబు చెప్పాల్సి వచ్చిందో లెక్క లేదు.

సాయంత్రం అన్నయ్య వంతు. నీతో పోలిస్తే వదిన నయం అన్నయ్యా, ఆవిడ నా టైమే తీసుకుంది. ప్రూఫులు వస్తే ముందు ఆయన చేతికే వెళ్ళేవి, ఇంటి పెద్ద కదా. ఒక పెన్ను, ఒక సిరా దవుతు, ఒక రూళ్ళకర్ర. కొట్టివేత అంటే అందరిలాగా అడ్డదిడ్డంగా గీకడం కాదు, రూళ్ళకర్ర పెట్టి నిటారుగా ఒక్క గీత. మార్జిన్‌లో ముత్యాల్లాంటి రాత. నా మనుషులు నవ్వితే చిరునవ్వు నవ్వారని మార్చేవాడు. నా ఆడవాళ్ళు అరిస్తే కంటతడి పెట్టారని మార్చేవాడు. నువ్వు రాసేది బాగానే ఉంటుంది కెజ్జీ, కాస్త దారిలో పెట్టాలంతే, అనేవాడు నెత్తి మీద చెయ్యి వేసి. దిద్దాక ఆయనే మడిచి, ఆయనే లక్క వేసి, ఆయనే చేతికర్ర పట్టుకుని టపా ఆఫీసుకి వెళ్ళేవాడు, చలిలో నువ్వెందుకమ్మా అని. ప్రేమ కాదని ఎలా అంటాను? అక్షరాలు నేర్పింది ఆయనే, ఒళ్ళో కూర్చోబెట్టుకుని, పిండి చల్లిన పలక మీద వేలు పట్టించి. నా మొదటి నవల రాతప్రతిని టోపీ పెట్టెలో పెట్టుకుని, టోపీ చేత్తో పట్టుకుని, వానలో లండన్ వెళ్ళింది ఆయనే. టోపీ పాడైపోయింది, నవల తడవలేదు. అలాంటివాడి మీద కోపం తెచ్చుకోవాలంటే ఎంత చాకిరీనో ఎవరికి తెలుసు!

రెండో నవలలో జుడిత్ మొగుణ్ణి వదిలేసి వెళ్ళిపోతుంది. వాడు చెయ్యి చేసుకోడు, తాగడు, ఊరికే రోజంతా ఆమె ప్రతి పనినీ సరిదిద్దుతూ ఉంటాడు. వెళ్ళిపోయి బట్టలు కుట్టుకు బతుకుతుంది, అంతే, అక్కడ ఆపేశాను. పుస్తకం చేతికొచ్చేసరికి ఆఖరి నాలుగు పేజీల్లో జుడిత్ తిరిగొచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని, మొగుడి గుమ్మం తుడుస్తోంది. అన్నయ్య రాసిందని తెలీక పత్రికలవాళ్ళు ఆ నాలుగు పేజీలనే మెచ్చుకున్నారు. ఊళ్ళో ఆడవాళ్ళు ఏడ్చామన్నారు. మిస్ పాష్లీ మా ఇంటికొచ్చి నా చెయ్యి పట్టుకుని నొక్కింది. అదే వారం ఫీమీ వదిన నాతో మాట్లాడ్డం మానేసింది. ఏడు రోజులు, ఉప్పు అందించమన్నా టబితాతో చెప్పించేది. జామ్ వండే రాగి గిన్నె నేను మాడ్చానని కోపం అనుకున్నాను, నిజంగానే మాడ్చాను. ఆ తరవాత నా పుస్తకాల గురించి మళ్ళీ నోరెత్తలేదు, బీరువాలో బట్టల అడుగున ఎక్కడో పెట్టేసుకుంది. చదువు తక్కువ మనిషి, ఆవిడకి కథల్లో ఏం తెలుస్తుందిలే అనుకున్నాను. మాంసం వేడా చల్లా అని అడిగే మనిషి గురించి ఇంకేం అనుకుంటాం?

పావు కొట్టింది. చర్చి గడియారం, మూడుంపావు. నలభై అయిదు నిమిషాలు. టబితా గట్టిగా నడిస్తే టపా ఆఫీసుకి పది నిమిషాలు, ఇవాళ మోకాలు నొప్పిగా ఉంది, పదిహేననుకో. మిసెస్ ఓగల్ గొంతు తగ్గించి, చల్లగా ఉన్నా మాంసం మెత్తగా ఉందమ్మా, ఎన్ని గంటలు ఉడకబెట్టారు అంటోంది. చెప్పేవాళ్ళు లేరు. వదిన కూర్చున్నది కిటికీ పక్కన, అక్కడ తెర చట్రానికి సరిగ్గా అంటదు, వేలెడు సందుంది, అందులోంచి ఒక సన్నటి ఎండ చార వదిన ఒళ్ళో రుమాలు మీద పడుతోంది. ఎవరూ చదవని చోట పడుతోంది, ఎంత దండగ!

ఆ కాయితంలో ఏముందో నాకు తెలుసు. పోయిన శుక్రవారం సాయంత్రం మంచం పక్కన దవుతు పట్టుకు కూర్చున్నది నేనే కదా. దగ్గుతో ఊపిరాడ్డం లేదు, అయినా రూళ్ళకర్ర కావాలన్నాడు. రేపు చేద్దువుగాని అన్నయ్యా అన్నాను. రేపు కూర్చుని ఆదివారం చర్చిలో చెప్పే ప్రసంగం రాసుకోవాలమ్మా అన్నాడు. మొదటి తొమ్మిది పేజీలూ వరసగా దిద్దుకుపోయాడు. ఉర్సులా చిన్న పాదిరి మొహంలోకి చూస్తే, నేలకి చూసిందన్నాడు. గట్టిగా అంటే, మెల్లిగా అన్నాడు. ఆ లింటాట్‌ని నేను వట్టి వెర్రిబాగులవాడిలా రాశాను, మాట్లాడినంతసేపూ తన గొంతు తనే వింటూ ఉంటాడు, అన్నయ్యకి వాడంటే ఎంత ముద్దో! బంగారం లాంటి కుర్రాడు కెజ్జీ, అంటాడు. పదో పేజీలో వాడు అడుగుతాడు, నాతో రావా ఉర్సులా అని. ఉర్సులా అంటుంది, ‘లేదు.’ తరవాత పేజీల్లో హల్ పట్నం రేవుకి ఒక్కతే వెళ్ళి, పెట్టె తనే మోసుకుని, పడవెక్కుతుంది. అవతలి ఒడ్డున పిల్లలకి బడి పెట్టుకోవడానికి. అన్నయ్య రూళ్ళకర్ర ‘లేదు’ మీద పెట్టాడు. గీత మొదలైంది. మాట మీదుగా సరిగ్గానే వెళ్ళింది, ఆపైన రూళ్ళకర్ర జారింది, పెన్ను జారింది, గీత మార్జిన్ దాటి పేజీ కిందికంటా వంకరగా దిగిపోయింది. నిద్రపోయాడనుకుని పెన్ను వేళ్ళలోంచి తీసుకున్నాను. తెల్లవారి ఏడూ పదికి పోయాడు. లేదన్న మాట కొట్టేశాడు, బదులేమీ రాయలేదు. ఆయన జన్మలో గీసిన వంకర గీత అదొక్కటే.

తొమ్మిది పేజీల్నిండా ఆయన కొట్టివేతలు, పదో పేజీలో ఆ ఒక్క మాట, అవతల ఆరు పేజీలూ నావి నావిగానే ఉన్నాయి. తొమ్మిదో పేజీలో నేల చూపులు చూసిన పిల్ల పదకొండో పేజీలో పెట్టె మోసుకుని పడవెక్కుతుంది. అలా అచ్చేస్తే పిచ్చిదంటారు, దాన్నీ నన్నూ కూడా. దీనికి మందు ఉంది, అచ్చు పనిలో అందరికీ తెలిసిన మందే. కొట్టేసిన మాట మళ్ళీ కావాలంటే గీత చెరపక్కర్లేదు, మళ్ళీ రాయక్కర్లేదు, ఆ మాట కింద వరసగా చుక్కలు పెట్టి, మార్జిన్‌లో ‘ఉండనివ్వు’ అన్న గుర్తు రాస్తే చాలు. కంపోజిటరు గీతని చూడడు, చుక్కల్ని చూస్తాడు. ఎంత తేలికో చూడండి! పదకొండేళ్ళలో ఒక్కసారి, ఒక్క మాట కింద, ఒక్క చుక్క పెట్టలేదు నేను.

మిస్ పాష్లీ పుస్తకం మూసింది. మూస్తూనే నా వంక తిరిగింది.

“కెజియా, నీ సంగతి మా అన్నయ్యతో కూడా మాట్లాడానమ్మా. మహానుభావుడు చివరి శ్వాసదాకా నీ పుస్తకం దిద్దుతూనే పోయాడు. ఆ చేతిరాత ఉన్నదున్నట్టు పంపాలి, అది మనందరి ధర్మం.”

“సగంలో ఆగిపోయిందండీ అది.”

“అదే చెబుతున్నా. కథంతా మీ అన్నయ్యే మాకు చెప్పాడు. మిగతా పేజీలన్నీ ఆయన మనసెరిగి మనం పూర్తి చెయ్యాలి. పెళ్ళి చర్చిలోనే పెట్టు. పెళ్ళికూతురికి తెల్ల గౌను వద్దు, తండ్రి పోయి ఇంకా ఏడాది కాలేదుగా, బూడిద రంగైతే తప్పు లేదు. నీకు తోచకపోతే నేను చెబుతాను, నువ్వు రాసుకో.”

“మీరు చెబుతారా?”

“మొహమాటపడకు. పాతిక పెళ్ళిళ్ళు దగ్గరుండి చేయించానమ్మా నేను.”

మిసెస్ ఓగల్ బిస్కట్టు పట్టుకున్న చేత్తోనే కళ్ళు తుడుచుకుని, బూడిద రంగు బాగుంటుంది పాపం, అంది. నాకు నవ్వొచ్చింది. ఏడవాల్సిన గంటలో నవ్వొస్తే ఎంత నరకమో! అరగంట కొట్టింది. మూడున్నర. ఈపాటికి పెట్టె దించేసి ఉంటారు. మట్టి వేస్తుంటారు. మేజర్ గారు కూడా ఒక గుప్పెడు వేస్తారు. నేను ఇక్కడ కూర్చుని, నా నవలలో పెళ్ళికూతురి గౌను రంగు వింటున్నాను. ఇంక మర్యాద చూసుకుంటూ కూర్చుంటే లాభం లేదు. లేచాను. ముప్పై తొమ్మిదేళ్ళ మనిషిని, ఐదు నవలల మనిషిని, మా వదిన ముందుకెళ్ళి చిన్నపిల్లలా చెయ్యి చాపాను.

“వదినా, ఆ కాయితం ఇవ్వు. నీకు దణ్ణం పెడతాను.”

“కెజియా! కూర్చో!” అంది మిస్ పాష్లీ. “భర్త ఆఖరి అక్షరాలమ్మా అవి. ఆవిడ ప్రాణంతో సమానం.”

వదిన నా చేతి వంక చూసింది. మణికట్టు మీద నల్లమరక చూసింది.  మాంసం గురించి అడుగుతుందనుకున్నాను, నిజంగా, దేవుడి తోడు, అదే అడుగుతుందనుకున్నాను.

“జుడిత్‌ని వెనక్కి పంపింది నువ్వా, మీ అన్నయ్యా?”

 ఒక క్షణం జుడిత్ ఎవరా అనిపించింది.

“గుమ్మం తుడిపించారు దాని చేత,” అంది వదిన, గొంతు పెంచకుండా, తల పైకెత్తకుండా. “అంత కష్టపడి బయటపడిందాని చేత గుమ్మం తుడిపించారు. అది నువ్వే రాశావనుకుని వారం రోజులు నీ మొహం చూడలేదు నేను. ఆ తరవాత నీ పుస్తకం ప్రతిదీ చదివాను. ప్రతిదాంట్లోనూ ఆఖరికి ఇలాగే చేస్తావే, ఎందుకిలా చేస్తావో అడుగుదామని వచ్చేదాన్ని. ఏం రాస్తున్నావంటే ఏం లేదంటావు. ఈ ఐదు రోజులూ ఆ గదిలో ఈ కాయితాలు చూశాకే తెలిసింది, గీతల కింద ఇంకో కథ ఉందని. చెప్పు. నువ్వా, ఆయనా?”

మాంసం వేడా చల్లా. ఏం రాస్తున్నావు. ఏళ్ళ తరబడి ఆ తలుపు దగ్గర నిలబడి ఆవిడ అడగాలనుకున్నది ఇదా? మాంసం అడగడానికి వచ్చేది కాదా? నేను కలం కింద పెట్టకుండానే, తల తిప్పకుండానే, ఏం లేదు వదినా, అన్నాను. వందసార్లు అన్నాను. చదువు తక్కువ మనిషట! ఆయనేనని చెప్పాలని నోటిదాకా వచ్చింది, తేలిక, ఆయన ఎలాగూ మట్టిలో ఉన్నాడు, కాదనడు. కానీ ఆ కాయితాలు లక్క వెయ్యకముందు ప్రతిసారీ నేను చూశాను. జుడిత్ గుమ్మం తుడవడం కూడా చూశాను. దీపం కింద చదివాను, బాగుంది అన్నయ్యా అన్నాను. పత్రికలవాళ్ళు మెచ్చుకుంటే ఆ మెప్పు నేనే పుచ్చుకున్నాను.

“రాసింది ఆయన,” అన్నాను. “చూసి ఊరుకున్నది నేను.”

వదిన రుమాలు తీసింది. నల్ల రిబ్బను ముడి విప్పడానికి గోళ్ళు పట్టలేదు, పళ్ళతో లాగింది. మిస్ పాష్లీ ఏదో అంటోంది, ఫీమీ, నువ్వు దుఃఖంలో ఉన్నావు, నీకు తెలియడం లేదు, అని. పదహారు పేజీలూ నా చేతిలో పెట్టి, వదిన లేచి నిలబడింది.

“ఈసారి ఊరుకోకు,” అంది.

కిటికీ తెర తాడు పట్టుకుని లాగింది. సర్రుమని తెర పైదాకా లేచిపోయింది. ఐదు రోజుల తరవాత ఎండ ఆ గదిలోకి ఒక్కసారిగా వచ్చి పడితే మిసెస్ ఓగల్ కెవ్వుమంది, మాంసం మీద ఈగలు కూడా కనిపించాయి. మిస్ పాష్లీ మొహం పాలిపోయింది. శవయాత్రకి వెళ్ళినవాళ్ళు ఇంకా తిరిగి రాకుండా తెర తియ్యడం! వీధిలో వాళ్ళకి కనపడుతుంది! విధవ చేత్తో తీసింది! అవునండీ, అంది వదిన, తాడు చేత్తో పట్టుకునే, ఇది నా ఇల్లు, నా కిటికీ, ఆయన నా మొగుడు. కెజియా, నువ్వు నీ పని చూసుకో.

కిటికీ గట్టు మీద కాయితం పరిచి, జేబులోంచి పెన్సిలు కాదు, పెన్నే తీశాను. పొద్దుటినుంచీ క్రేపు మడతల్లో దాచిన దవుతు తీశాను, అందులోంచి సగం ఇప్పటికే గౌనుకి అంటింది, నల్ల గౌను కాబట్టి ఎవరికీ తెలీదు, మొదటిసారి క్రేపు పనికొచ్చింది. మొదటి పేజీ. మొహంలోకి చూసింది, కింద చుక్కలు. గట్టిగా అంది, చుక్కలు. నవ్వింది, చుక్కలు, ఉండనివ్వు. ఉండనివ్వు. ఉండనివ్వు. మూడుంముప్పావు కొట్టింది. చెయ్యి ఆగలేదు. పదో పేజీకొచ్చేసరికి వీధి మొగలో నల్లకోట్లు కనిపించాయి, మగవాళ్ళు తిరిగొస్తున్నారు, ముందు పెద్ద పాదిరిగారు, తెర లేచి ఉన్న కిటికీ చూసి ఆగిపోయారు, వెనకవాళ్ళు ఆయన్ని ఢీకొన్నారు. వదిన తాడు వదల్లేదు. నేను ‘లేదు’ మీద అన్నయ్య గీత చూశాను. మాట మీద ఎంత నిటారుగా ఉందో, ఆపైన ఎలా జారిపోయిందో, ఆ జారినచోట పెన్ను ఎంత తేలిగ్గా వేళ్ళలోంచి వచ్చేసిందో, అప్పుడొచ్చింది ఏడుపు. కనపడకుండా పోయింది పేజీ. అయ్యో, వెలుతురు వచ్చాక ఇప్పుడా! మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాను, మొహమంతా నలుపై ఉంటుంది. ఆ గీతని చెరపక్కర్లేదు. కింద నాలుగు చుక్కలు పెట్టాను.

టబితా శాలువా కప్పుకుని గుమ్మంలో సిద్ధంగా నిలబడి ఉంది, ఎవరు పిలిచారో తెలీదు. కాయితం మడుస్తుంటే వదిన నా భుజం మీదుగా వంగి చూసింది.

“మార్జిన్‌లో ఇంకో ముక్క రాయి,” అంది. “అచ్చయ్యాక ఈ కాయితం తిరిగి పంపమని. పదో పేజీ నాకు కావాలి.”

రాశాను. నాలుగు కొట్టడానికి పది నిమిషాలైనా ఉంటుంది, టబితా మోకాలు పట్టుకుని పరుగెత్తింది. వదిన తాడు కొక్కేనికి చుట్టి ముడివేసి, గడియారం దగ్గరికి వెళ్ళి, లోలకాన్ని వేలితో ఒక్కసారి కదిపింది.